వాన రాత్రి, వాకిట్లో బోదురుకప్ప

వాన పడితే వాకిట్లోకి బోదురుకప్పలొస్తున్నాయి, రాత్రిపూట పెరట్లో బాత్రూమ్‌కి వెళ్లలేకపోతున్నానన్నారు కదండీ. మాది ఆమదాలవలస, నాదీ అదే కథ. ముందు వరండా లైటు ఆపండి. అవి వచ్చేది దాని చుట్టూ మూగే పురుగుల కోసం. తలుపు కింద సందుకి గుడ్డ పెట్టండి. వాటిని ముట్టుకుంటే పులిపిర్లు రావు, అవి వైరస్ వల్ల వచ్చేవి. కళ్ల వెనక గ్రంథుల్లో విషం ఉన్న మాట నిజమే, కానీ ఊరికే మన మీద చిమ్మదు. తగిలితే కళ్లు నులుముకోకుండా సబ్బుతో కడుక్కోండి. ఉప్పు మాత్రం చల్లకండి, పాపం.

భయం పోవడానికి నేను ఫోన్‌లో బొమ్మతో మొదలెట్టాను. టెన్షన్ తగ్గేదాకా చూసేదాన్ని. తర్వాత బెకబెకలు వినడం, ఆపైన కిటికీలోంచి చూడటం. ఇప్పటికీ ముట్టుకోను గానీ పక్కనుంచి నడిచిపోతాను. ఊపిరాడనంత భయమైతే మానసిక వైద్యుల్ని కలవండి.