శంకరన్ గారు, మా నాయిన విడుదల కాయితం

గ్రూప్స్‌కి చదువుతున్నా, నాయకత్వం అంటే ఏంటో ఏ ఐఏఎస్ జీవితం చూసి నేర్చుకోవచ్చు అని అడిగారు కదా. నా వరకైతే ఒక్కటే పేరు, ఎస్.ఆర్. శంకరన్ గారు. నేను ఆయన్ని ఒక్కసారి కూడా కలవలేదు. కానీ మా ఇంట్లో పొయ్యి మీద అన్నం ఉడికిందంటే అందులో ఆయన చెయ్యి ఉంది.

మా నాయిన మెదక్ వైపు ఒక ఆసామి దగ్గర జీతం ఉన్నాడు. జీతం అంటే నెలనెలా వచ్చేది అనుకునేరు, మా తాత చెల్లెలి పెండ్లికి తెచ్చిన అప్పు తీరక తాత చేసిండు, తాత తర్వాత మా నాయిన తొమ్మిదేండ్లకే పశువుల వెంట పోయిండు, ఏడాదికి కొన్ని జొన్నలు, ఒక గొంగడి, అంతే. ఆ అప్పు ఎంతో ఆయనకి ఎప్పుడూ ఎవరూ చెప్పలేదు.

వెట్టి చాకిరీ రద్దు అని 1975లో ఆర్డినెన్స్, 1976లో చట్టం వచ్చాయి. చట్టం ఢిల్లీలో వస్తుంది, కొట్టంలో పండుకునే జీతగానికి ఎవరు చెప్తారు? అప్పుడు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో సాంఘిక సంక్షేమ శాఖ కార్యదర్శిగా ఉన్న శంకరన్ గారు ఊళ్లకి పోయి మీరు ఇక బానిసలు కారు, పాత బాకీ కట్టనక్కర్లేదు అని చెప్పడం మొదలుపెట్టారు. అది అప్పటి ముఖ్యమంత్రి చెన్నారెడ్డి గారికి నచ్చలేదు. ఈయన సెలవు పెట్టి పక్కకి జరిగారు గానీ మాట మార్చుకోలేదు. తర్వాత త్రిపుర ముఖ్యమంత్రి నృపేన్ చక్రవర్తి గారు పిలిపించుకుని చీఫ్ సెక్రటరీని చేశారు.

మా నాయినకి వచ్చిన విడుదల కాయితం ఇప్పటికీ ట్రంకు పెట్టెలో ఉంది, నాలుగు మడతలు, మడతల దగ్గర చిరిగింది, కింద తహసీల్ ముద్ర సగం చెరిగింది. ఆయనకి చదవరాదు. అయినా వానాకాలం అయిపోగానే తీసి ఎండలో పెట్టేవాడు, పైన రాయి పెట్టి పక్కనే కూర్చునేవాడు ఎగిరిపోతుందేమో అని.

నేను హాస్టల్లో చదివి ఇప్పుడు ఒక సాంఘిక సంక్షేమ హాస్టల్లో వార్డెన్‌గా పనిచేస్తున్నా. మా డిపార్ట్‌మెంట్‌లో పాతవాళ్లు ఆయన గురించి ఒకటి తప్పకుండా చెప్తారు, ఎంత పేదవాడు గదిలోకి వచ్చినా లేచి నిలబడి కుర్చీ చూపించేవారట. పెండ్లి చేసుకోలేదు, జీతంలో, తర్వాత పెన్షన్‌లో కూడా ఎక్కువ భాగం దళిత పిల్లల చదువులకే పోయేది. ఆ కుర్చీ సంగతి విన్నప్పుడల్లా నాకు మా నాయిన గుర్తొస్తాడు, ఒకసారి పెన్షన్ పని మీద ఒక ఆఫీసుకి పోతే ఆయన చెప్పులు బయట విడిచి, పొద్దటి నుంచి మధ్యాహ్నం దాకా గోడకి ఆనుకుని నిలబడ్డాడు, నేను పక్కనే ఉన్నా, ఉద్యోగం ఉన్నవాన్నే, నోరు తెరవలేకపోయా. అది నాకు ఇంకా బాధే.

అందుకే నాయకత్వం అనగానే నాకు ముందు గుర్తొచ్చేది శంకరన్ గారు ఎవరి వైపు నిలబడ్డారు అనేదే. అధికారి అందరికీ సమానంగా ఉండాలి అంటాం, కానీ ఒకడి చేతిలో భూమీ బాకీ పుస్తకమూ ఉండి ఇంకొకడి చేతిలో ఏమీ లేనప్పుడు మధ్యలో నిలబడితే అది ఉన్నవాడి వైపు నిలబడ్డట్టే కదా. శంకరన్ గారు ఉద్యోగం అంతా ఏమీ లేనివాడి వైపే ఉన్నారు.

ఇంకో సంగతి, 1987 డిసెంబర్‌లో తూర్పు గోదావరి మన్యంలో గుర్తేడు దగ్గర నక్సలైట్లు ఆయన్నీ ఇంకొందరు ఐఏఎస్‌లనీ కిడ్నాప్ చేశారు, ప్రభుత్వం జైల్లో ఉన్న నక్సలైట్లని వదిలాక విడిచిపెట్టారు. ఇంకెవరైనా అయితే జీవితాంతం కోపం పెట్టుకునేవారు, ఈయన మాత్రం కేంద్రంలో గ్రామీణాభివృద్ధి శాఖ కార్యదర్శిగా 1992లో రిటైర్ అయ్యాక, 1997 నుంచి పౌర స్పందన వేదిక అనే పౌరుల బృందం తరఫున ఎన్‌కౌంటర్లూ ఆగాలి, నక్సలైట్ల హత్యలూ ఆగాలి అని ప్రభుత్వానికీ నక్సలైట్లకీ మొహం మీదే చెప్తూ తిరిగారు. 2004లో హైదరాబాద్‌లో ఆ ఇద్దరి మధ్య శాంతి చర్చలు జరిగాయంటే వెనక ఆ ఏండ్ల తరబడి ఓపిక ఉంది. ఆ తర్వాతి ఏడాది పద్మభూషణ్ ఇస్తామంటే వద్దన్నారు. చివరిదాకా పాకీ పని చేసేవాళ్ల విముక్తి కోసం సఫాయి కర్మచారి ఆందోళన్ అనే సంఘంతో కలిసి పనిచేస్తూ 2010 అక్టోబర్ 7న పోయారు.

మీకు ఒక్క పని చెప్తా. 1976 చట్టం చిన్నదే, పరీక్ష కోసం కాకుండా ఒకసారి మొత్తం చదవండి, అందులో కలెక్టర్ చెయ్యాల్సిన పనులు ఏమేం రాశారో చూడండి. మా హాస్టల్ ఆఫీసు రూములో నా టేబుల్ ముందు రెండు కుర్చీలు వేయించా, పిల్లల తల్లిదండ్రుల కోసం. చాలామంది కూర్చోరు, ఎంత చెప్పినా గుమ్మం దగ్గరే ఆగుతారు. అప్పుడు నేనే లేచి వాళ్ల దగ్గరికి పోతా.