థియోఫిలిన్ గుండెకు మేలు చేస్తుందా?

ప్రశ్న: ఉబ్బసానికి చాలాకాలంగా థియోఫిలిన్ మాత్రలు వాడుతున్న మా నాన్నగారికి అడినోసిన్ ఇంజెక్షన్‌తో గుండె స్కానింగ్ చేస్తామనీ, ముందుగా ఆ మాత్రలతో పాటు కాఫీ, టీ కూడా ఆపాలనీ డాక్టరుగారు చెప్పారు. ఈ మందు రక్తనాళాలను సడలిస్తుందని చదివాను. అలాంటప్పుడు గుండెకు మేలే చేయాలి కదా? - ఒక పాఠకురాలు

జవాబు: మీరు చదివినది నిజమే కానీ, అది సగమే. థియోఫిలిన్, కెఫీన్ వంటి మిథైల్‌జాంథిన్లు ఎక్కువ మోతాదులో ఫాస్ఫోడైఎస్టరేజ్ అనే ఎంజైమును అడ్డుకుని రక్తనాళాల గోడలను సడలిస్తాయి. ఈ గుణాన్ని చూసే ఒకప్పుడు వీటిని గుండెనొప్పికి కూడా ఇచ్చారు. అయితే ఇవే మందులు గుండె వేగాన్నీ, అది ముడుచుకునే బలాన్నీ పెంచుతాయి కనుక గుండె కండరానికి ఆక్సిజన్ అవసరం పెరుగుతుంది. పూడికతో ఇరుకైన కరోనరీ ధమని (గుండె కండరానికి రక్తం అందించే నాళం) ఆ అదనపు అవసరాన్ని తీర్చలేదు.

ఇంతకన్నా ముఖ్యమైన సంగతి అడినోసిన్‌ది. ఆక్సిజన్ చాలనప్పుడు గుండె కండరంలోనే ఈ పదార్థం తయారై, కరోనరీ నాళాల మీది ఏ2ఏ గ్రాహకాలకు (అడినోసిన్ సంకేతాన్ని అందుకునే చోట్లకు) అంటుకుని వాటిని విప్పారేలా చేస్తుంది. తాళంలో మారు తాళంచెవి ఇరుక్కున్నట్లు థియోఫిలిన్ ఆ గ్రాహకాలను ఆక్రమిస్తుంది, అదీ మామూలు చికిత్స మోతాదులోనే. అప్పుడు పరీక్షలో ఇచ్చిన అడినోసిన్ సరిగా పనిచేయక, రక్తప్రసరణ లోపం ఉన్నా స్కానింగ్‌లో కనబడకపోవచ్చు. కాఫీ, టీలను కనీసం 12 గంటల ముందు నుంచి మానమనేది ఇందుకే. చాలాచోట్ల 24 గంటలు అడుగుతారు. అడినోసిన్ ప్రభావాన్ని పెంచే డైపిరిడమోల్ అనే మందుతో చేసే ఇలాంటి పరీక్షలో రోగికి ఇబ్బంది కలిగితే విరుగుడుగా ఇచ్చే అమైనోఫిలిన్ కూడా థియోఫిలిన్ రూపమే.

రక్తంలో థియోఫిలిన్ మిల్లీలీటరుకు 20 మైక్రోగ్రాములు దాటితే వాంతులు, గుండెదడ, లయ తప్పడం, మూర్ఛ వంటి ప్రమాదాలు పెరుగుతాయి. కొందరిలో అంతకు లోపే మొదలవుతాయి. సిప్రోఫ్లాక్సాసిన్, ఎరిత్రోమైసిన్ అనే యాంటీబయాటిక్‌లు వాడినా, పొగతాగేవారు ఆ అలవాటు మానినా దాని స్థాయి పెరుగుతుంది కాబట్టి మోతాదును మళ్లీ చూపించుకోవాలి.

మాత్రలను ఎన్ని గంటల ముందు ఆపాలో డాక్టరే నిర్ణయించాలి, సొంతంగా మానకూడదు. మీరు అడగని మాట ఒకటుంది: ఉబ్బసం ఉన్నవారిలో అడినోసిన్ శ్వాసనాళాలను బిగించగలదు. పిల్లికూతలు, ఆయాసం ఉంటే ఆ సంగతి ముందే చెప్పండి; అలాంటివారికి సాధారణంగా గుండె వేగాన్ని, బలాన్ని పెంచే డోబ్యుటమైన్ అనే మందుతో పరీక్ష చేస్తారు.