పియానోతోనే బతుకుతానంటున్న మేనకోడలికి

చిరంజీవి మేనకోడలికి,

మావయ్య ఆశీస్సులు. పియానో పరీక్షల్లో ఎనిమిదో గ్రేడ్ డిస్టింక్షన్‌లో పాసయ్యావనీ, ఇంక ఇంజనీరింగ్ మాటెత్తొద్దంటున్నావనీ మీ అమ్మ ఫోన్లో చెప్పింది. దాని టెన్షన్ దానిది. పియానో పాఠాలు చెప్పుకుంటూ, పాడేవాళ్ళకీ వయొలిన్ వాళ్ళకీ పక్కవాద్యం వాయించుకుంటూ ఇల్లు నడిపినవాణ్ణి, నేను నిన్ను ఎలా వద్దంటాను? కానీ నీ మెసేజ్‌లో “ఒక్క పెద్ద పోటీ గెలిస్తే చాలు మావయ్యా” అని రాశావు చూడు, దాని గురించే ఈ ఉత్తరం.

చాలదమ్మా. వాన్ క్లైబర్న్ 1958లో మాస్కోలో మొదటి చైకోవ్‌స్కీ పోటీ గెలిచాడు. అప్పటికి 23 ఏళ్ళు. ప్రచ్ఛన్న యుద్ధం రోజుల్లో ఒక అమెరికన్ కుర్రాడు రష్యాలో గెలవడమంటే మాటలా? న్యూయార్క్‌లో ఊరేగించారు. ఎక్కడికెళ్ళినా జనం ఆ పోటీలో వాయించిన చైకోవ్‌స్కీ కంచెర్టోనే (ఆర్కెస్ట్రాతో కలిసి వాయించే రచన) అడిగారు. 1978లో, ఇంకా నలభై నాలుగేళ్ళకే, కచేరీలు మానేశాడు. ఇంకో పక్క 1980లో వార్సాలో షోపాన్ పోటీలో ఇవో పొగొరెలిచ్ అనే కుర్ర పియానిస్టుని ఫైనల్‌కి పంపలేదు. అది నచ్చక పేరున్న పియానిస్టు మార్తా ఆర్గెరిచ్ జడ్జీగా ఉండనని వెళ్ళిపోయింది. ఆ గొడవతోనే అతని పేరు దేశదేశాలకీ పాకింది. పోటీలకి వెళ్ళు, గడువుంటే సాధన చురుగ్గా సాగుతుంది. బతుకంతా దాని మీద పందెం కాయొద్దు.

రోజుకి ఎనిమిది గంటలు కూర్చుంటున్నావట. ఇది విని నాకు సంతోషం కన్నా భయమే ఎక్కువేసింది. అమెరికన్ పియానిస్టు లియోన్ ఫ్లైషర్ కథ తెలుసుకో. తొమ్మిదేళ్ళకే గొప్ప పియానిస్టు ష్నాబెల్ దగ్గర శిష్యుడు. 1952లో బ్రస్సెల్స్‌లో క్వీన్ ఎలిజబెత్ పోటీ గెలిచాడు. కండక్టర్ జార్జ్ సెల్‌తో, క్లీవ్‌లండ్ ఆర్కెస్ట్రాతో చేసిన బేథోవెన్, బ్రామ్స్ రికార్డింగులు ఈనాటికీ వింటున్నాం. 1964లో, 36 ఏళ్ళ వయసులో, కుడిచేతి ఉంగరం వేలూ చిటికెన వేలూ వాటంతటవే అరచేతిలోకి ముడుచుకుపోవడం మొదలైంది. మొండిగా ఇంకా గట్టిగా సాధన చేశాడు, ఇంకా పాడైంది. దాన్ని ఫోకల్ డిస్టోనియా (కండరాలు మన మాట వినకుండా బిగుసుకుపోయే నరాల జబ్బు) అంటారని తెలియడానికే ఏళ్ళు పట్టింది. ఆ మధ్యకాలమంతా ఎడమచేతి కోసమే రాసిన సంగీతం వాయించాడు. యుద్ధంలో కుడిచెయ్యి పోగొట్టుకున్న పియానిస్టు పౌల్ విట్‌గెన్‌స్టైన్ కోసం ఫ్రెంచ్ స్వరకర్త రవెల్ రాసిన కంచెర్టో అందులో ఒకటి. ఆర్కెస్ట్రాలు నడిపించాడు, బాల్టిమోర్‌లోని పీబడీ సంగీత కళాశాలలో పాఠాలు చెప్పాడు. బొటాక్స్ ఇంజక్షన్లతో 1990లలో గానీ రెండు చేతులూ మళ్ళీ కీబోర్డు మీదికి రాలేదు. పాఠం చెప్పడం చేతకాని మనిషైతే ఆ ముప్పై ఏళ్ళు ఏమైపోయేవాడో!

అందుకని, నొప్పి పుడితే ఆపెయ్. “కొంచెం ఓర్చుకుంటే అలవాటైపోతుంది” అనే టీచర్ మాట ఈ ఒక్క విషయంలో వినకు. స్వరకర్త షోపాన్ తన శిష్యులని రోజుకి మూడు గంటలకి మించి సాధన చెయ్యొద్దనేవాడు. పరీక్షల ముందు నువ్వు నాలుగు చేసుకో, పోనీ. ముప్పావు గంటకోసారి లేచి తిరుగు. కష్టమైన నాలుగు బార్లని వేళ్ళతో రుద్దే ముందు స్కోరు ఒళ్ళో పెట్టుకుని కళ్ళతో చదువు.

మిగిలిన టైంలో ఇంకొకరితో కలిసి వాయించు. రష్యన్ పియానిస్టు రిక్టర్ అంతటివాడు 22 ఏళ్ళకి గానీ మాస్కో వెళ్ళి నయ్‌గౌస్ అనే గురువు దగ్గర చేరలేదు. అంతకుముందు ఒడెస్సా ఒపెరాలో గాయకుల రిహార్సల్స్‌కి పియానో వాయించేవాడు. ఆర్కెస్ట్రా మొత్తాన్నీ పది వేళ్ళలోకి తెచ్చుకోవడం అక్కడే అబ్బుతుంది. రోజూ పావుగంట ఎప్పుడూ చూడని పేజీ తీసి, ఆగకుండా వాయించు. తప్పులు పోతే పోనీ, తాళం తప్పకూడదు. మీ విశాఖలో చర్చి కాయర్లకి ఎప్పుడూ వాయించేవాళ్ళు తక్కువే, వెళ్ళి అడుగు. ఈ రంగంలో సోలో కచేరీలతోనే తిండి గడిచేవాళ్ళు చాలా కొద్దిమంది. మిగతా అందరం పాఠాలతో, పక్కవాద్యంతో బతుకుతున్నాం, బాగానే బతుకుతున్నాం.

నీ డిజిటల్ పియానోకి 88 కీస్, అసలు పియానోలా కీస్‌కి బరువు అన్నీ సరే గానీ ఆడిషన్‌లో నీ ముందుండేది గ్రాండ్. పెడల్ సగం నొక్కితే వచ్చే తేడా, కింది తీగల మోత దాని మీదే తెలుస్తాయి. వారానికి రెండుసార్లైనా ఎవరినైనా బతిమాలి అసలు పియానో మీద కూర్చో. సముద్రపు గాలికి అక్కడ తీగలు తుప్పు పడతాయి, చెక్క ఉబ్బి శ్రుతి జారిపోతుంది. రికార్డింగ్ పంపే ముందు ట్యూనర్‌ని పిలవకపోతే ఎంత బాగా వాయించినా దండగ.

కాలేజీల సంగతి. అమెరికాలో, ఫిలడెల్ఫియాలోని కర్టిస్ సంగీత కళాశాలలో 1928 నుంచి ట్యూషన్ ఫీజు లేదు, కానీ సీట్లు బహు తక్కువ. జర్మనీలో ప్రభుత్వ సంగీత కళాశాలలు చాలా వాటిలో ఫీజు ఉండదు, బాడెన్-వుర్టెంబర్గ్‌లో మాత్రం మనలాంటి వాళ్ళకి సెమిస్టర్‌కి 1500 యూరోలు. జర్మన్ ఇప్పుడే మొదలుపెట్టు. కాలేజీ పేరు కంటే ఎవరి దగ్గర నేర్చుకుంటావన్నది ముఖ్యం. నచ్చిన ప్రొఫెసర్‌కి ముందే రాసి ఒక ట్రయల్ పాఠం అడుగు, చాలామంది ఒప్పుకుంటారు.

ఇప్పటిదాకా నేర్చుకున్నవన్నీ ఒక కాగితం మీద రాసి పంపు. బాఖ్‌లో ఏవి, సొనాటాల్లో ఏవి అన్నది విడివిడిగా రాయి. ఆడిషన్‌కి ఏవి పెట్టాలో, ఏవి తీసెయ్యాలో ఆదివారం ఫోన్లో తేలుద్దాం. మీ అమ్మతో నేను మాట్లాడతాను.

మీ మావయ్య