పాత బల్ల, కొత్త కుర్చీ: మీ ప్రశ్నలకు నా జవాబులు

ముప్పై ఏళ్లుగా పాత ఫర్నిచర్ విప్పి బాగుచేయడమే నా పని. మా నాన్నగారు వడ్రంగి. ఆయన పక్కన కూర్చుని, బిగుసుకుపోయిన సొరుగుల అంచులకు మైనం రాయడంతో నాకు ఈ పని అలవాటైంది. ఈసారి వచ్చిన ఉత్తరాల్లో నాలుగింటికి ఇక్కడ జవాబు రాస్తున్నాను.

ప్రశ్న: మాకు పెళ్లై ఏడాదైంది. రెండు పడక గదుల ఫ్లాట్‌లోకి మారుతున్నాం. మావారి నానమ్మగారి టేకు భోజనాల బల్ల, ఆరు కుర్చీలు, పెద్ద చెక్క బీరువా మాకు ఇస్తామంటున్నారు. నాకు కొత్త తరహా ఫర్నిచర్ ఇష్టం. రెండూ కలిపితే ఇల్లు గోడౌన్‌లా ఉంటుందేమోనని టెన్షన్‌గా ఉంది. వద్దంటే పెద్దవాళ్లు బాధపడతారు.

జవాబు: అమ్మా, ముందు టేపు తీసుకుని కొలవండి. భోజనాల బల్ల దగ్గర ఒక్కొక్కరికి 60 సెంటీమీటర్ల వెడల్పు కావాలి. కుర్చీ వెనక్కి జరిపి లేవడానికి, వెనకనుంచి ఇంకొకరు నడవడానికి బల్ల అంచు నుంచి గోడ దాకా 90 సెంటీమీటర్లు ఉండాలి. మీ గదిలో అంత చోటుంటే బల్ల తప్పకుండా తెచ్చుకోండి. కుర్చీలు ఆరూ అక్కడే ఉండాలనేం లేదు. నాలుగు బల్ల దగ్గర ఉంచి, ఒకటి పడక గదిలో కిటికీ పక్కన, ఇంకొకటి గుమ్మం దగ్గర చెప్పులు వేసుకోవడానికి వేయండి. విడిగా ఉన్నప్పుడు పాత కుర్చీ అందం ఇంకా బాగా కనిపిస్తుంది.

బీరువా లిఫ్టులో పట్టదని ముందే నిర్ణయించుకోకండి. పాతకాలం పెద్ద బీరువాలు చాలావరకు ముక్కలుగా విడిపోయేలా చేసేవారు. వెనక్కి వెళ్లి పైకప్పు పలక, పక్క పలకలు ఎలా కలిశాయో చూడండి. చీలలు గానీ కొక్కేలు గానీ కనిపిస్తే విప్పి తెచ్చుకోవచ్చు. మీ ఇంట్లో నిలబెట్టాక మాత్రం పైభాగాన్ని గోడకు బిగించాలి. పిల్లలు సొరుగులు లాగి మెట్లలా ఎక్కుతారు.

ఇక పాతదీ కొత్తదీ కలపడం గురించి. గదికి ఒక్కటే బరువైన పాత వస్తువు ఉంచండి, చుట్టూ కొంచెం ఖాళీ వదలండి. మిగతావి సన్నటి కాళ్లతో, కింద నేల కనిపించేలా ఉండాలి. చెక్క రంగులు కలపాలని ప్రయత్నించకండి. టేకు బల్ల పక్కన టేకులా కనిపించాలని చూసే కొత్త లామినేట్ పెడితే రెండూ వెలవెలబోతాయి. దాని బదులు నల్లటి స్టీలు, పేము అల్లిక, తెల్లటి చెక్క లాంటి పూర్తిగా వేరే రకం పక్కన పెట్టండి. ఒకవేళ బల్ల తెచ్చుకుని కుర్చీలు మాత్రం కొత్తవి కొంటే, సీటు నుంచి బల్ల పైభాగం దాకా 28 నుంచి 30 సెంటీమీటర్ల ఎడం ఉందో లేదో చూడండి. పాత బల్లలకు పైపలక కింద వెడల్పాటి పట్టీ ఉంటుంది, తొడలు దానికి తగులుతాయి. దుకాణంలో కూర్చుంటే ఇది తెలియదు. బల్ల కొలతలు పట్టుకెళ్లాలి.

ఇంకొక్కటి. పాలిష్ పేరుతో ఆ బల్లను గీకించకండి. నాకు ఇరవై రెండేళ్లప్పుడు ఒక పాత భోషాణం మూతను మిషన్ పెట్టి, గరుకు కాగితంతో అరగదీసి కొత్తదానిలా చేశాను. తరతరాల చేతులు తగిలి తేనె రంగుకు వచ్చిన పొర రెండు గంటల్లో పొడిగా రాలిపోయింది. దాన్ని తిరిగి తెచ్చే పాలిష్ ఏదీ లేదు. ఇప్పటికీ ఆ మూత గుర్తొస్తే మనసు కలుక్కుమంటుంది. మెత్తటి గుడ్డతో తుడిచి, తేనెమైనం పల్చగా పట్టించి, ఆరాక రుద్దండి. చాలా బల్లలకు ఇంతకంటే ఏమీ అక్కర్లేదు.

ప్రశ్న: ఒక రాతబల్ల కొందామనుకుంటున్నాను. అమ్మేవాళ్లు 150 ఏళ్ల యాంటిక్ అంటున్నారు. ఇంకోచోట అలాంటిదాన్నే వింటేజ్ అన్నారు. తేడా ఏమిటి? నిజమో కాదో ఎలా పట్టుకోవాలి?

జవాబు: దాదాపు అన్ని దేశాలూ వాడే కస్టమ్స్ (దిగుమతి సుంకాల) పట్టికలో 9706 అనే శీర్షిక కింద వందేళ్లు దాటిన వస్తువును యాంటిక్‌గా లెక్కిస్తారు. వింటేజ్‌కు అలాంటి గట్టి హద్దు లేదు. సుమారు పాతికేళ్ల నుంచి వందేళ్ల లోపు వాటిని అలా పిలుస్తారు.

నేనైతే బల్ల ముందుభాగం వైపు చూడను. సొరుగు పూర్తిగా బయటికి లాగి బోర్లిస్తాను. పలకలు కలిసే మూలలో విసనకర్రలా విచ్చుకున్న పళ్లుంటాయి, దాన్నే డవ్‌టెయిల్ అంటారు. చేత్తో కోసినవైతే పళ్ల వెడల్పులో చిన్న చిన్న తేడాలు, ఉలికి ముందు గీసుకున్న సన్నని గీత కనిపిస్తాయి. అన్నీ అచ్చు గుద్దినట్టుంటే యంత్రం కోసింది. కానీ దీన్నిబట్టే తీర్పు చెప్పేయకండి. 19వ శతాబ్దం రెండో సగానికే యంత్రాలు వచ్చాయి కాబట్టి 150 ఏళ్ల బల్లకు యంత్రపు పళ్లూ ఉండొచ్చు. వెనక పలక మీద రంపపు గీతలు చూడండి. తిన్నగా, కాస్త ఎగుడుదిగుడుగా ఉంటే చేతి రంపం. విల్లులా వంగి ఉంటే గుండ్రటి రంపం, అంటే యంత్రం.

తర్వాత మరలు. నెత్తిన కూడిక గుర్తులా గాడి ఉన్న ఫిలిప్స్ స్క్రూ 1930లలో వచ్చింది. అది కనిపిస్తే బల్ల కొత్తదైనా అవ్వాలి, లేదా మధ్యలో ఎవరైనా బాగుచేసి ఉండాలి. పక్కన పూడ్చిన పాత రంధ్రం ఉంటే రెండోదే నిజం. అరుగుదల కూడా మాట్లాడుతుంది. సొరుగు కింది అంచులు, కాళ్ల మధ్య అడ్డుపట్టీ, చేయి ఆనే చోటు అరగాలి. ఎవరి చేయీ తగలని చోట కూడా సమానంగా అరిగి ఉంటే అది కావాలని చేసిన పాతదనం. నాకు అన్నిటికన్నా నచ్చే పరీక్ష గుండ్రటి బల్లలకు పనికొస్తుంది. చెక్క నారకు అడ్డంగానే కుంచించుకుపోతుంది, పొడవునా దాదాపు కుంచించుకోదు. అందుకే ముడి చెక్కతో, అంటే ప్లైవుడ్‌లాంటిది కాకుండా అసలు చెక్కతో, చేసిన పాత గుండ్రటి బల్లను రెండు వైపులా కొలిస్తే కొన్ని మిల్లీమీటర్ల తేడా వస్తుంది. కాలం చేసిన ఆ సంతకాన్ని నకలు చేయడం కష్టం.

రోజూ లాప్‌టాప్ పెట్టి పని చేసుకోవడానికే అయితే మీకు వింటేజ్ చాలు. వయసు కన్నా అతుకు ముఖ్యం. పాతవాళ్లు పశువుల తోలు, ఎముకలు ఉడికించి తీసిన జిగురు వాడేవారు. అది వేడికీ తడికీ కరుగుతుంది కాబట్టి వదులైన కాలును విప్పి, శుభ్రం చేసి మళ్లీ అతకొచ్చు. ఎవరైనా అందులో ఎపాక్సీ అనే గట్టిపడిపోయే కొత్తరకం జిగురు పోసి బిగించి ఉంటే ఆ బల్ల వదిలేయండి. అది ఈసారి విరిగితే అతుకు దగ్గర కాదు, చెక్కే చీలిపోతుంది.

ప్రశ్న: పాత వాలుకుర్చీ కింద సన్నటి పొడి రాలుతోంది. పారేయాలా?

జవాబు: పారేయకండి బాబూ. కానీ ఈ రోజే మిగతా చెక్క సామానుకు దూరంగా పెట్టండి. ఒకటి రెండు మిల్లీమీటర్ల రంధ్రాలుంటే అది పుచ్చు పురుగు. రంధ్రం లోపలి రంగు ముదిరిపోతే పాత గాయం కావచ్చు. కింద నల్ల కాగితం పరిచి కొన్ని వారాలు చూడండి. లేత రంగు పొడి కొత్తగా పడుతుంటే పురుగు బతికే ఉంది. పాలిష్ మీద మందు రాస్తే లోపలికి ఇంకదు. పాలిష్ లేని అడుగు భాగం నుంచీ, రంధ్రాల్లోకి సిరంజితోనూ పట్టించాలి. దానికి తెలిసినవాళ్లను పిలవండి. కాళ్ల అడుగున గోరుతో నొక్కితే దిగబడేంత మెత్తగా ఉంటే ఆ కాలు ఒక్కటి మార్పించండి, కుర్చీ దక్కుతుంది.

ప్రశ్న: మేం అద్దె ఇళ్లు మారుతుంటాం. విప్పి బిగించే కొత్త ఫర్నిచర్ మన్నుతుందా?

జవాబు: విప్పి బిగించడం తప్పేం కాదు. 1859లో థోనెట్ అనే ఫర్నిచర్ కంపెనీ తెచ్చిన 14వ నంబరు కుర్చీ ఆరు చెక్క ముక్కలు, పది మరలు, రెండు నట్లతో తయారయ్యేది. ఆవిరితో వంచిన ఆ కొయ్య కుర్చీలు విడదీస్తే ఒక ఘనపు మీటరు పెట్టెలో 36 పట్టేవి. అవి నేటికీ వాడుకలో ఉన్నాయి. తేడా అంతా మర దిగే చెక్కలో ఉంది. పార్టికల్ బోర్డులో, అంటే చెక్క పొట్టును జిగురుతో అదిమి చేసిన పలకలో, ఒకసారి బిగించిన మర రెండోసారి అంత గట్టిగా పట్టదు, మూడోసారికి పొడి రాలుతుంది. తడి తగిలితే ఉబ్బి మళ్లీ మామూలు కాదు. ఇళ్లు మారేవాళ్లు ప్లైవుడ్‌దో ముడి చెక్కదో తీసుకోండి. మర నేరుగా చెక్కలోకి కాకుండా లోపల బిగించిన లోహపు నట్టులోకి దిగేలా ఉండాలి. దుకాణంలో అడుగున చెయ్యి పెట్టి తడిమితే ఆ నట్టు వేలికి తగులుతుంది.