శేషాచలం అడవిలో గుర్రాల దారి వేయొచ్చా? దారులు బాగుచేసే పనికి మనబోటి వాళ్లు పోవచ్చా?

మీరు ఒకే ప్రశ్నలో రెండు సంగతులు అడిగారు. అమెరికాలో గుర్రపుస్వారీ చేసేవాళ్లే వాలంటీర్లుగా అడవి దారులు చూసుకుంటారట, ఆ పని ఎలా జరుగుతుందన్నది ఒకటి. అలాంటి గుర్రాల దారి తలకోన వైపు తిరుపతి కుర్రాళ్లంతా కలిసి వేసుకోలేరా అన్నది రెండోది. రెండోదానికి ముందే చెప్పేస్తాను: గుర్రాల దారి ఆలోచన మానుకోండి. ఉన్న కాలిదారుల్ని నిలబెట్టే పనికి మాత్రం మనుషులు కావాలి, రండి.

ఉద్యోగం మీద వాషింగ్టన్ రాష్ట్రంలో ఉన్నప్పుడు, ఒలింపియా పక్కనున్న క్యాపిటల్ స్టేట్ ఫారెస్టులో సెలవు రోజుల్లో దారి పనికి పోయేవాణ్ణి. నాకు గుర్రం ఎక్కడం రాదు, ఇప్పటికీ రాదు. ఆఫీసులో ఒకావిడకు గుర్రాలుండేవి, ఆవిడ రమ్మంటే పోయాను, పని నచ్చి ఉండిపోయాను. తిరుపతికి వచ్చేశాక ఇక్కడి చిన్న జట్టులో చేరాను. అటవీశాఖ వాళ్లు పిలిచినప్పుడు వాళ్ల వెంట తలకోన పక్క పోయి పని చేసి వస్తుంటాం.

వాషింగ్టన్‌లో నేను పని చేసిన అడవి రాష్ట్ర ప్రభుత్వానిది. పని రోజున ప్రభుత్వ సిబ్బంది ఒకరిద్దరు వచ్చేవాళ్లు, మిగతా చేతులన్నీ వాలంటీర్లవే. గుర్రాల వాళ్లకు బ్యాక్ కంట్రీ హార్స్‌మెన్ అని పెద్ద సంఘం ఉంది. 1973లో మోంటానాలో మొదలైంది, వాషింగ్టన్‌లోనూ శాఖలున్నాయి. 24 గంటల పని లెక్కకొస్తే రాష్ట్ర ప్రభుత్వం వాళ్లు ఏడాది పార్కింగ్ పాసు ఉచితంగా ఇస్తారు. దానికోసమే వచ్చి, ఆ గంటలు నిండగానే మాయమయ్యేవాళ్లూ ఉంటారనుకోండి. కేంద్ర ప్రభుత్వం కింద ఉండే వైల్డర్‌నెస్ అడవుల్లో, అంటే మనిషి చేయి పడకుండా వదిలేసిన అడవుల్లో, 1964 చట్టం ప్రకారం మోటారు రంపం వాడకూడదు. అందుకని ఇద్దరు చెరోపక్క పట్టుకుని లాగే పాతకాలపు రంపాల్ని కంచరగాడిదల మీద వేసుకుని పోతారు. గుర్రాలున్నవాళ్లు ఈ పనికి అంతగా అక్కరకు రావడానికి ఇదొక కారణం: మనిషి మోయలేని సామాను వాళ్ల దగ్గరి జంతువులు మోస్తాయి.

దారి పనంటే కొమ్మలు నరకడం అనుకుని పోయాను. తీరా చూస్తే సగం రోజు నీళ్ల గురించే మాట్లాడుకుంటారు. దారి పాడయ్యేది నడకతో కన్నా నీళ్లతో. వాన నీళ్లు దారిని దాటిపోతే ఏ బాధా లేదు. దారి వెంబడే పారాయంటే మట్టి కోసుకుపోయి రెండేళ్లలో అది వంక అయిపోతుంది. అందుకే దారి వాలు కొండ వాలులో సగానికి మించకూడదని వాళ్లకొక లెక్క. దారి బయటి అంచును లోపలి అంచు కన్నా కాస్త పల్లంగా ఉంచుతారు, నీళ్లు ఎక్కడికక్కడ జారిపోతాయి. గుర్రాలు తిరిగే చోట ఈ జాగ్రత్త ఇంకా ఎక్కువ కావాలి. మనిషిని, జీనును కలుపుకుంటే గుర్రం బరువు అయిదు క్వింటాళ్లకు అటూ ఇటూ ఉంటుంది. ఆ బరువంతా నాలుగు గిట్టల మీద పడేసరికి తడి నేల బురదగుంట అయిపోతుంది. గుర్రం ఎప్పుడూ అంచు పట్టుకుని నడుస్తుంది కాబట్టి దారి ఏటేటా కిందికి జరుగుతుంటుంది. దుంగలు అడ్డం పెట్టి నీళ్లు మళ్లిస్తే గిట్టలు తగిలి అవి ఊడిపోతాయి. అందుకని దుంగలకు బదులు దారినే అక్కడక్కడ పల్లంగా వంచి తీస్తారు. మరీ చిత్తడి చోట రెండు వైపులా దుంగలు పరిచి, మధ్యలో గుడ్డలాంటి షీటు వేసి, దాని మీద కంకర పోస్తారు. స్వారీ చేసేవాడి తలకు కొమ్మ తగలకూడదు కాబట్టి ఎత్తు 10 అడుగులు, వెడల్పు 8 అడుగుల దాకా ఖాళీ చేస్తారు.

ఈ 10, 8 అన్న అంకెలు మన అడవిలో ఊహించుకోండి.

శేషాచలం అంటే ఎర్రచందనం. ప్రపంచంలో మరెక్కడా సహజంగా పెరగని చెట్టు, తూర్పు కనుమల్లో ఈ దక్షిణ కొసనే పెరుగుతుంది. 8 అడుగుల వెడల్పున చక్కగా తీసిన దారిలో ఎర్రచందనం దొంగలకు దుంగలు భుజాన మోసే అవసరమే ఉండదు, బండి మీద వేసుకుపోవచ్చు. మొదట్లో ఒకసారి నేను అక్కడి లెక్కలన్నీ ఉత్సాహంగా చెప్పుకుపోతుంటే, అటవీశాఖతో కలిసి అడవిని చూసుకునే ఊరివాళ్ల వన సంరక్షణ సమితిలోని ఒక పెద్దాయన అంతా విని, ‘దోవ అంత బాగా చేస్తే ముందు నడిచేది మనం కాదు నాయనా’ అన్నాడు. నేను చెప్పాలనుకున్నదంతా ఆ మాటలోనే ఉంది. అక్కడ దారి ఎంత తెరిస్తే అంత మేలు, ఇక్కడ ఎంత అవసరమో అంతే తెరవాలి.

చట్టం సంగతి కూడా చూడండి. తలకోన శ్రీ వేంకటేశ్వర నేషనల్ పార్కులో ఉంది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం 35వ సెక్షన్ ప్రకారం నేషనల్ పార్కులోకి పశువుల్ని తోలకూడదు. ఆ చట్టం పశువులని చెప్పిన జాబితాలో గుర్రం కూడా ఉంది. ఒక్క మినహాయింపు ఉంది: లోపలికి పోవడానికి అనుమతి ఉన్న మనిషి దాన్ని వాహనంగా వాడుకుంటే పోవచ్చు. అంటే గస్తీకి పోయే అధికారి గుర్రమెక్కి పోవచ్చు గానీ, మనం ఆదివారం సరదాకు తోలుకుపోయేది కుదరదు. చట్టం పక్కన పెట్టినా, చిరుతలు, రేచుకుక్కలు తిరిగే చోట బెదిరిన గుర్రాన్ని ఆ బండల మీద పట్టుకోగలమా? ఇంకో చిక్కు పేడ. పేడలోని గింజలతో కలుపు అడవంతా పాకుతుందని అమెరికాలో నేషనల్ ఫారెస్టులకు కలుపు గింజల్లేవని ధ్రువీకరించిన మేతే తెచ్చుకోవాలంటారు. మనకు వయ్యారిభామ, లాంటానా ఇప్పటికే చాలినంత ఉన్నాయి.

ఇక ఇక్కడ మేం చేసే పని. పెద్ద పనులేం కావు.

అన్నిటికన్నా ముఖ్యం నీళ్ల పనే, ఆ ఒక్కటీ అక్కడ నేర్చుకున్నది నేరుగా ఇక్కడ పనికొచ్చింది. మనకు వానలు ఎక్కువగా అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, అదీ వాయుగుండం పట్టిందంటే ఒక్క పూటలో కుమ్మరిస్తాయి. 2021 నవంబరులో తిరుమల ఎక్కే శ్రీవారి మెట్టు దారి ఏమైందో తిరుపతిలో అందరికీ తెలుసు. రాతి మెట్లే కొట్టుకుపోయాయి, మళ్లీ తెరిచేసరికి 2022 మే వచ్చింది. మెట్ల గతే అట్లయితే మట్టి దారి ఎంత? పైగా మన పాత దారులు కొండకు అడ్డంగా తిరుగుతూ పోవు, దేవుణ్ణి తొందరగా చూడాలన్నట్టు నిటారుగా ఎక్కేస్తాయి. వాటిని మార్చే అధికారం మనకు లేదు, మార్చకూడదు కూడా. చేయగలిగిందల్లా నిటారుగా ఉన్న చోట పలకరాళ్లను దారికి ఏటవాలుగా, దాదాపు 45 డిగ్రీల మళ్లింపుతో పాతి నీళ్లను పక్కకు పంపడం. ఈ కొండల్లో పలకరాయికి కరువు లేదు. రాయిలో మూడింట రెండు వంతులు మట్టిలోకి దిగాలి, లేకుంటే మొదటి వానకే లేచిపోతుంది. ఆ రాయి వెనక చేరిన మట్టిని ఏటా తీయాలి. ఫొటోలో కనపడని పని కాబట్టి రెండో ఏడు చాలామంది రారు.

లాంటానా కంప రెండో పని. దీన్ని కత్తితో పైపైన నరికితే దుబ్బుకట్టి ఇంకా గుబురుగా లేస్తుంది. మొదలు దగ్గర మట్టి తీసి, నేలకు మూడంగుళాల కింద వేరు తెగ్గొట్టి, పొదను తలకిందులుగా పెట్టాలి. అదీ కాయ కాయకముందే. పిట్టలు ఆ పండ్లు తిని గింజల్ని ఎక్కడెక్కడో వేస్తాయి. మరీ ముఖ్యంగా, కంప తీశాం కదా అని పైనున్న చెట్ల కొమ్మలు కొట్టకూడదు. నీడ పోయి వెలుతురు పడితే లాంటానాకు పండగే. గుర్రాల దారికీ మన దారికీ తేడా ఇక్కడ బాగా తెలుస్తుంది. పైన కొమ్మలు కలుసుకున్న దారి స్వారీకి పనికిరాదు, మన నడకకు మాత్రం అదే మంచి దారి. మనిషికి రెండు మూడు అడుగుల వెడల్పు చాలు.

ఎండాకాలం ముందు దారి మీది ఆకులు, ఎండిన బోదగడ్డి ఊడ్చడం ఇంకొకటి. శుభ్రంగా ఉన్న దారి నేలమంటను కొంతవరకైనా ఆపుతుంది. 2014 మార్చిలో తిరుమల కొండలు తగలబడితే వాయుసేన హెలికాప్టర్లు వచ్చి నీళ్లు చల్లాల్సి వచ్చింది. అయితే ఊడ్చిన చెత్తకు అక్కడే అగ్గిపుల్ల గీసే మహానుభావులుంటారు, అలాంటివాళ్లను ఆ రోజే ఇంటికి పంపేయాలి.

ప్లాస్టిక్ సంగతి చెప్పక్కర్లేదు. తుంబురు తీర్థం ముక్కోటికి, ఫాల్గుణ పౌర్ణమి నాడు పాపవినాశనం నుంచి జనం వేలల్లో నడుస్తారు. అన్నం పొట్లాలు, మజ్జిగ ఇచ్చే పుణ్యాత్ములకు లోటుండదు. మర్నాడు ఆ పొట్లాల కవర్లు ఏరడానికే మనుషులు దొరకరు.

ఎక్కడైనా సరే, పడిపోయిన వెదురో కొమ్మో దారికి అడ్డమైతే పక్కకు జరపడం వరకే మన పని. నేషనల్ పార్కులోంచి పొయ్యిలోకి పుల్ల కూడా తెచ్చుకోకూడదు.

అనుమతి విషయంలో గట్టిగా చెప్తున్నాను, సొంతంగా పోవద్దు. ‘మంచి పనే కదా, ఎవరేమంటారు’ అనుకోవద్దు. 2015 ఏప్రిల్‌లో ఈ అడవిలో ఎర్రచందనం దొంగల్ని పట్టే టాస్క్‌ఫోర్స్ కాల్పుల్లో 20 మంది చనిపోయారు. కత్తో గొడ్డలో పట్టుకుని అడవిలో కనపడిన కొత్త మనిషిని ఎవరైనా ఏమనుకుంటారో మీరే ఆలోచించండి. ఏనుగులు వేరే. 2025లో శివరాత్రికి ముందు తలకోనకు అడవి దారిన నడిచిపోతున్న భక్తుల మీద గుండాలకోన దగ్గర ఏనుగులు పడి ప్రాణాలు పోయాయి. ఏనుగులు ఏ పక్కన తిరుగుతున్నాయో ఆ పూట సంగతి గార్డుకు, సమితి వాళ్లకు తెలుస్తుంది గానీ మన ఫోనుకు తెలియదు.

తిరుపతిలో అటవీశాఖ అధికారి (డీఎఫ్ఓ) ఆఫీసులో జట్టు పేరుతో అర్జీ పెట్టండి. అందరి ఆధార్ నకళ్లు, ఏ దారిలో ఏం పని చేస్తారో ఒక కాగితం జతచేయండి. ‘అడవిని కాపాడతాం’ అని రాస్తే ఎవరూ పట్టించుకోరు, ‘ఫలానా దారిలో నీళ్లు మళ్లించే రాళ్లు వేస్తాం, ప్లాస్టిక్ ఏరతాం’ అని రాస్తే మాట్లాడతారు. ఈలోపు తలకోన పోయి, అక్కడి వన సంరక్షణ సమితి వాళ్లను కలవండి. ఆ దారుల్లో పుట్టి పెరిగినవాళ్లు, సందర్శకులు సరిగ్గా ఉంటేనే వాళ్లకూ నాలుగు రూపాయలు వచ్చేది. వాళ్లకు కూలి దొరికే పనిని మనం ఉచితంగా చేస్తామని పోకూడదు, ఇది కూడా ముందే మాట్లాడుకోండి. మా జట్టు అయితే వాళ్లు అడిగిన పనికే, వాళ్లు చూపిన చోటికే పోతుంది.

డిసెంబరు ఆఖరులో వానలు తగ్గి నేల ఇంకా మెత్తగా ఉన్నప్పుడు మొదలుపెడితే మంచిది, గడ్డపార దిగుతుంది. బూట్లు, దళసరి చేతి తొడుగులు, మనిషికి మూడు లీటర్ల నీళ్లు మీరు తెచ్చుకోండి. కత్తులు, పారలు బయటి నుంచి తేవద్దు, గార్డు చేతి నుంచి తీసుకుని సాయంత్రం లెక్కపెట్టి ఆయనకే ఇచ్చేయండి.