ఫిలాసఫీ తర్వాత, ముందు జర్నల్ రాయండి

చెల్లెమ్మా, 'నా విద్యా తాత్వికత' అని రెండు పేజీలు రాసిస్తే, 'ఇందులో నువ్వెక్కడ?' అని మీ లెక్చరర్ తిప్పి పంపారన్నారు. ఆయన అడిగింది న్యాయమే. 'శిశు కేంద్రిత విద్య', 'సమగ్ర వికాసం' లాంటి మాటలు ఏ బీఈడీ గైడు తిప్పినా దొరుకుతాయి.

టీచింగ్ ప్రాక్టీసులో చెప్పిన ఒక్క పీరియడ్ తీసుకోండి. ఆరో తరగతి భిన్నాలే అనుకుందాం. 1/3, 1/4లలో ఏది పెద్దదంటే కొందరు 1/4 అనేస్తారు, మూడు కంటే నాలుగు పెద్దది కదా! అప్పుడు మీరు 'తప్పు' అని ముందుకెళ్లారా, 'ఎందుకలా అనుకున్నావురా?' అని అడిగారా, కాగితం పట్టీలు మడతపెట్టించి చూపించారా? మీ నమ్మకమేదో అక్కడే బయటపడుతుంది. పిల్లాడి తప్పుకీ ఓ తర్కం ఉంటుందని మీకు నిజంగా అనిపిస్తే, ఆ మాటతోనే మొదలుపెట్టండి.

ఇలా చెప్పిన క్లాసు గురించి వెనక్కి తిరిగి ఆలోచించి రాసుకునేదే జర్నల్. దానికి విద్యావేత్త గ్రాహం గిబ్స్ 1988లో చెప్పిన ఆరు మెట్లు చాలు: ఏం జరిగింది, ఏమనిపించింది, ఏది కుదిరింది ఏది బెడిసికొట్టింది, ఎందుకు, ఏం తెలిసింది, ఈసారి ఏం చేస్తారు. చాలామంది మొదటి రెండింటితోనే పేజీ నింపేస్తారు (దిద్దేవాళ్లకి విసుగు పుట్టేది అక్కడే). మీరు 'ఎందుకు' దగ్గర ఆగండి. 'పిల్లలు శ్రద్ధ పెట్టలేదు' అని రాస్తే ఆ పేజీ దండగ.

జాన్ డ్యూయీ, గిజూభాయి లాంటి విద్యావేత్తల పేర్లు మీ క్లాసుకి అతికితేనే చేర్చండి. ఈ వారం జర్నల్ పేజీ ఒకటి పెట్టండి, చూసి చెబుతాను.