వరంగల్‌లోని ‘ఓ సిటీ’ (O City) కాలనీలో ప్లాటు కొన్నాం, అక్కడ ముందు ఏముండేది?

ఖాళీ భూమా అని అడిగారు. కాదండీ, అది ఒకప్పటి ఆజంజాహి మిల్లు స్థలం. మా తాత, ఆ తర్వాత మా బాపు అందులోనే పనిచేశారు కాబట్టి తెలిసింది రాస్తున్నా.

ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ హయాంలో, 1934లో ఈ బట్టల మిల్లు పెట్టారు. ఆయన పెద్ద కొడుకు ఆజం జాహ్ పేరే దీనికి పెట్టారు. చుట్టూ పత్తి పండే నేల, రైలు స్టేషన్, నేత తెలిసిన కుటుంబాలు, అన్నీ వరంగల్‌కు కలిసొచ్చాయి. నూలు వడకడం, బట్ట నేయడం రెండూ లోపలే జరిగేవి.

తాత స్పిన్నింగ్‌లో ఉండేవాడు. షిఫ్టు దిగి వచ్చేసరికి కనుబొమ్మల మీద కూడా దూది నుసే. స్నానం చేసేదాకా మమ్మల్ని దగ్గరికి రానిచ్చేవాడు కాదు. అవ్వ వంట, పిల్లల నిద్ర, పండక్కి చుట్టాలను పిలవడం, అంతా ఆయన షిఫ్టును బట్టే. జీతాల రోజు మా వాడలో కిరాణా బాకీలు తీరేవి. చదువు పెద్దగా లేని మనిషికి కూడా నెల జీతం, పీఎఫ్ ఉండటం ఆ రోజుల్లో ఎంత ధైర్యమో! మా ఇంట్లో మొదట డిగ్రీ చదివింది మా మేనత్త. ఆ ఫీజులు మిల్లు జీతంలోంచే కట్టారు.

తర్వాత మిల్లు నేషనల్ టెక్స్‌టైల్ కార్పొరేషన్ చేతికి వచ్చింది. యంత్రాలు పాతబడ్డాయి, నష్టాలు పెరిగాయి, 2002లో మూతపడింది. అప్పుడు మిల్లు నుంచి వచ్చిన డబ్బుతో బాపు చిన్న దుకాణం పెట్టుకున్నాడు. ఓరుగల్లు నేత కుటుంబాల నుంచి బట్టల పని కోసం సూరత్, భివండి వెళ్లినవాళ్లు ముందు నుంచీ ఉన్నారు, బాపుతో పనిచేసిన కొందరూ అదే దారి పట్టారు.

మిల్లు భూమిలో కొంత భాగాన్ని కాకతీయ పట్టణాభివృద్ధి సంస్థ (కుడా) లేఅవుట్ చేసి ‘ఓ సిటీ’ అని పేరు పెట్టింది. కొత్త కలెక్టరేట్‌కూ మిల్లు స్థలమే ఎంచుకున్నారు. ఊరు పెరగాలి, దానికి నేను వ్యతిరేకం కాదు. కానీ వేలమందికి అన్నం పెట్టిన చోట కనీసం వీధులకైనా మిల్లు గుర్తుండే పేర్లు పెట్టాలి. 2017లో గీసుగొండ, సంగెం మండలాల మధ్య కాకతీయ మెగా టెక్స్‌టైల్ పార్కుకు శంకుస్థాపన చేసినప్పుడు బాపు ఎంతో సంతోషపడ్డాడు. ఓరుగల్లుకు బట్టల పని మళ్లీ వస్తుందని ఆయన ఆశ.

మీ కాలనీ సంఘం వీధి పేర్ల మాట ఎత్తితే నాకు చెప్పండి. బాపును వెంటబెట్టుకుని వస్తాను, ఏ విభాగం ఎక్కడుండేదో ఆయనే చూపిస్తాడు.